ఏ బైబిలు కొనాలి, దాని పక్కన ఏం పెట్టుకోవాలి: గోదావరి జిల్లాల చదువరికి ఒక సలహా

క్రిస్మస్ దగ్గర పడేసరికి మా నరసాపురం, పాలకొల్లు వైపు ఈ ప్రశ్న మొదలవుతుంది: "అమ్మాయికి బైబిలు కొనాలండి, ఏది తీసుకోమంటారు?" అడిగేవాళ్ళ మనసులో ఉండేది చాలాసార్లు అట్ట రంగు, అక్షరం సైజు, జిప్పు ఉందా లేదా. అవీ చూడాల్సినవే, వాటి సంగతి చివర్లో చెబుతాను. ముందు తేల్చుకోవాల్సింది లోపలి తెలుగు. పూర్తి బైబిలు ఇప్పుడు తెలుగులో కనీసం అయిదు రకాలుగా దొరుకుతోంది. దానికి తోడు రిఫరెన్సు బైబిలు, కంకార్డెన్సు (ఏ మాట ఏయే వచనాల్లో వస్తుందో చూపించే పట్టీ), స్టడీ బైబిలు, వ్యాఖ్యానాలు, ఫోన్‌లో నాలుగైదు యాప్‌లు. అన్నీ కొనే స్తోమత మనలో చాలామందికి లేదు, కొన్నా అన్నీ చదివే తీరిక అసలే లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. రెండు అనువాదాలు పెట్టుకోండి. మందిరంలో చదివే పాతది ఒకటి, ఇంట్లో కూర్చుని అర్థం చేసుకోవడానికి కొత్తది ఒకటి. మిగిలిన డబ్బు రిఫరెన్సుల మీద పెట్టండి. వ్యాఖ్యానాల జోలికి ఆఖర్న వెళ్ళండి. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నారు. లావుపాటి వ్యాఖ్యానం ముందు కొని, మూల వచనం మాత్రం సగం అర్థమై సగం కాకుండా వదిలేస్తున్నారు.

పాత అనువాదం లేకుండా కుదరదు

బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా 'పరిశుద్ధ గ్రంథము' పేరుతో వేసేది, అందరూ ఓ.వి. (ఓల్డ్ వెర్షన్) అనేది, ఇదే. దీని వెనక చాలా చేతులున్నాయి. బెంజమిన్ షుల్జ్ మద్రాసులో 1720లు, 30లలో చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ మళ్ళీ మొదలుపెట్టారు. వాళ్ళకు ఆనందరాయరు అనే తెలుగు పండితుడు తోడయ్యాడు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత వందేళ్ళపాటు దిద్దుబాట్లు సాగుతూనే వచ్చాయి.

మన డెల్టాకు సువార్త వచ్చింది ఒక్క దారిలో కాదు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు పట్టుకున్నారు, వాళ్ళవి బ్రదరన్ సంఘాలు. 1840లలో లూథరన్లు రాజమండ్రిలో పని మొదలుపెట్టారు. కెనడియన్ బాప్టిస్టులు 1874లో కాకినాడ చేరారు. బాప్తిస్మం ఎవరికి, ఎలా ఇవ్వాలన్న దగ్గర ఒకరితో ఒకరు ఏకీభవించని సంఘాలివి. ఇవాళ ఆదివారం ఈ మందిరాలన్నిటిలో పుల్పిట్ మీద తెరిచి ఉండేది మాత్రం దాదాపు ఈ ఒక్క పాఠమే. కంఠత వాక్యాలు, గోడ క్యాలెండరు మీది వచనం, పెళ్ళి శుభలేఖ పైభాగాన వేసే మాట, సమాధి రాతి మీద చెక్కించేది, అన్నీ ఇందులోవే. "యెహోవా నా కాపరి" అని అయ్యగారు ఆపితే "నాకు లేమి కలుగదు" అని సభంతా అందుకుంటుంది. ఈ పాఠం రానివాడు ఆ సభలో మూగగా కూర్చోవాల్సిందే. అందుకే, ఎంత కష్టంగా ఉన్నా, పిల్లలకు మొదటి బైబిలు ఇదే ఇమ్మంటాను.

కష్టం ఎక్కడుందో మాత్రం సరిగ్గా గుర్తించాలి. మాటలు పాతవని అందరూ అంటారు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. "దీపము వెలిగించి కుంచము క్రింద పెట్టరు" అన్నప్పుడు కోనసీమ రైతు తాతకు కుంచం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు, ధాన్యం కొలిచిన చెయ్యి అది. యేసు దోనె ఎక్కాడంటే అంతర్వేది కుర్రాడికి బొమ్మ కళ్ళకు కడుతుంది. తడబడేది టౌన్లో ఇంగ్లీషు మీడియం చదివే మనవడు. అసలు ఇబ్బంది వాక్యాల పొడవుతో. పౌలు పత్రికల్లో ఒక వాక్యం మొదలైతే నాలుగైదు వచనాలు దాటాక గాని క్రియ కనబడదు. ఎఫెసీ 1:3 నుంచి 14 దాకా గ్రీకులో ఒకటే వాక్యం. దాన్ని తెలుగు గ్రాంథికంలో పేనుకుంటూ పోతే, పైకి చదివేవాడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కనక పాత అనువాదకులు పొడుగాటి వాక్యాల్లో ముక్కలను అటూ ఇటూ మార్చి పేర్చారు. లూకా సువార్త తెరిచి చూడండి. మన పాఠం "ఘనత వహించిన థెయొఫిలా" అనే మొదలవుతుంది. ఇంగ్లీషు బైబిల్లో థెయొఫిలు పేరు మూడో వచనందాకా రాదు. రోమా పత్రికలో "రోమాలో ఉన్న" అన్న మాట ఇంగ్లీషులో ఏడో వచనంలో ఉంటుంది, మనకు మొదట్లోనే వచ్చేస్తుంది. చదువుకోవడానికి దీనివల్ల నష్టమేమీ లేదు. తెలుగు బైబిలు, ఇంగ్లీషు కంకార్డెన్సు పక్కపక్కన పెట్టుకుని పదానికి పదం జత చేసేవాళ్ళు మాత్రం ఇక్కడ బోల్తా పడతారు.

పాతది అంటే మక్కీకి మక్కీ అని కాదు

"ఓ.వి. మూలానికి మక్కీకి మక్కీ, కొత్తవన్నీ సొంత కవిత్వం" అనేవాళ్ళు ప్రతి కూడికలోనూ ఉంటారు. వాళ్ళ ముందు రోమా 1:17 పెట్టండి. గ్రీకులో ఉన్నది విశ్వాసం నుంచి విశ్వాసానికి అన్నంత మాటే. మన పాత పాఠం "విశ్వాసమూలముగా అంతకంతకు విశ్వాసము కలుగునట్లు" అని విప్పి చెప్పింది. అది మంచి అర్థమే కావచ్చు, అయినా అనువాదకుడు అక్కడ ఒక దారి ఎంచుకున్నాడన్నది నిజం. ఈ పని చెయ్యని అనువాదం లేదు. ఎవరు ఎక్కడ ఏ దారి ఎంచుకున్నారో పట్టుకోవడానికే రెండోది పక్కన ఉండాలంటున్నాను.

రెండోదిగా ఏది

వాడుక తెలుగులో గట్టిగా చెప్పుకోవాల్సినవి మూడు.

మొదటిది వరల్డ్ బైబిల్ ట్రాన్స్‌లేషన్ సెంటర్ వాళ్ళ 'పవిత్ర బైబిల్', ఈజీ టు రీడ్ వెర్షన్. ఈ వరస ఇంగ్లీషులో మొదట చెవిటివారి కోసం పుట్టింది, అందుకే వాక్యాలు పొట్టిగా, ఒక్కో ఊహ ఒక్కో ముక్కగా ఉంటాయి. తెలుగులోనూ ఆ పద్ధతే. కొత్తగా అక్షరాలు దిద్దుకున్న అక్కలకు, పదేళ్ళ పిల్లలకు, క్రైస్తవేతరులై ఉండి యేసు కథ ఏమిటో చూద్దామనుకున్న వాళ్ళకు దీన్ని మించింది లేదు. సువార్తలు, సమూయేలు, రాజులు వంటి కథా భాగాలు గోదారి కాలవలో నీళ్ళలా సాగిపోతాయి. పౌలు తర్కం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "కనుక", "ఏలయనగా" లాంటి లంకెలు తెగి, వాదం ముక్కలుగా మిగులుతుంది. రోమా పత్రిక పాఠం చెప్పేవాళ్ళు దీని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

రెండోది 2019లో వచ్చిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, ఐ.ఆర్.వి. అంటారు. పాత పాఠానికి దగ్గరగా నడుస్తూ భాషను ఇప్పటి తెలుగులోకి తెచ్చింది. అలవాటైన మాటలు చాలావరకు అలాగే ఉన్నాయి కనక ఓ.వి. పక్కన పెట్టి చదివితే వేలు పెట్టి వెంబడించవచ్చు. సండే స్కూలు టీచర్లకు దీనితో ఇంకో లాభం ఉంది. ఇది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదలైంది. ఎవరిదో పేర్కొని, అదే లైసెన్సు నిలిపితే, పాఠం కరపత్రంగా అచ్చు వేసుకోవచ్చు, తెర మీద చూపించవచ్చు, వాట్సాప్‌లో పంచవచ్చు. వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) పుస్తకాలు సొంతంగా వేసుకునే చిన్న సంఘాలకు ఇది చిన్న విషయం కాదు.

మూడోది బిబ్లికా వాళ్ళ తెలుగు సమకాలీన అనువాదం. పైకి చదివితే బాగుంటుంది, భాష నున్నగా ఉంటుంది, డిగ్రీ చదివే పిల్లలు దీన్నే ఇష్టపడుతున్నారు. దీనికీ ఉచితంగా పంచుకునే కూర్పు ఉంది.

ఒక్కటే ఎంచుకోమంటే, పాత పాఠం మీద పెరిగినవాళ్ళకు ఐ.ఆర్.వి., పెరగనివాళ్ళకు మొదట ఈజీ టు రీడ్. ఈ మూడూ ఫోన్‌లో యూవెర్షన్ యాప్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ముందు అక్కడ మార్కు సువార్త నాలుగు అధ్యాయాలు చదివి చూసి, నచ్చిందే కాగితం మీద కొనుక్కోండి.

కథోలిక కుటుంబాల సంగతి వేరు. పూజలో చదివేది కథోలిక అనువాదం, అందులో పుస్తకాలు 73. ప్రొటెస్టెంటు బైబిల్లో 66. తోబితు, యూదితు, మక్కబీయులు వంటివి మనలో చాలామంది పేరు కూడా వినలేదు. అవి దైవావేశంతో రాసినవా కాదా అన్న వాదనలోకి నేను దిగను. పాత నిబంధన చివరి పుస్తకం మలాకీకి, కొత్త నిబంధన మొదటి పుస్తకం మత్తయికి మధ్య ఏం జరిగిందో తెలుసుకోవాలనుకునే పాస్టరు మక్కబీయులు మొదటి గ్రంథం చదవాల్సిందే. యోహాను 10:22లో "ఆలయ ప్రతిష్ఠిత పండుగ" అని ఒక మాట దొర్లిపోతుంది. ఆ పండుగ ఎందుకు పుట్టిందో ఆ గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉంది. మక్కబీయులు రెండో గ్రంథంలోనూ ఉంది గాని, మన 66 పుస్తకాల్లో ఎక్కడా లేదు.

పనిముట్లు: ముందు రిఫరెన్సు బైబిలు

రిఫరెన్సు బైబిలు అంటే ప్రతి వచనం పక్కనో కిందో, దానికి సంబంధించిన ఇతర వచనాల పట్టీ ఉండేది. చూడ్డానికి ఏమంత గొప్పగా అనిపించదు. అది చేసే పని చూపిస్తాను. హెబ్రీ 10:5 తీయండి: "బలియు అర్పణయు నీవు కోరలేదు గాని నాకొక శరీరమును అమర్చితివి." పక్కన రిఫరెన్సు కీర్తన 40:6 అని చెబుతుంది. అక్కడికి వెళ్తే "నీవు నాకు చెవులు నిర్మించియున్నావు" అని ఉంటుంది. శరీరం ఎక్కడ, చెవులు ఎక్కడ? అచ్చు తప్పేమో అని ఒక పెద్దాయన పెన్నుతో కొట్టేయబోయారు కూడా. తప్పేమీ లేదు. కీర్తన హెబ్రీ మూలం నుంచి వచ్చింది. హెబ్రీయులకు రాసిన వ్యక్తి ఉదహరించింది సెప్టువజింతు అనే ప్రాచీన గ్రీకు అనువాదాన్ని, అందులో శరీరం అనే ఉంది. ఇంత లోతైన ప్రశ్న ఏ వ్యాఖ్యానం సాయమూ లేకుండా పుట్టించింది ఒక్క చిన్న రిఫరెన్సు. ఇలా ప్రశ్న పుట్టాక వ్యాఖ్యానం తెరిస్తే దానికి అర్థముంటుంది.

మన బ్రదరన్ సంఘాల్లో గురువారం బైబిలు స్టడీ అంతా ఈ పద్ధతి మీదే నడుస్తుంది. ఒకరు వచనం చదువుతారు, ఇంకొకరు రిఫరెన్సు తీస్తారు. రాత్రి పదయినా లేవరు.

కంకార్డెన్సు, ఫోన్లో వెతకడం

కాగితం మీది తెలుగు కంకార్డెన్సు కొనేముందు అది ఏ అనువాదానికి కట్టిందో చూడండి. సాధారణంగా ఓ.వి.కే. ఐ.ఆర్.వి. చదివేవారికి అది సగం పనికి వస్తుంది, సగం రాదు. నా వరకు నేను ఇప్పుడు కాగితం కంకార్డెన్సు కొనమని ఎవరికీ చెప్పను, ఫోన్‌లో వెతకడం వచ్చేసింది కదా. వెతకడంలో మాత్రం ఒక మెళకువ తెలియాలి. "విశ్వాసం" అని కొడితే ఓ.వి.లో దాదాపు ఏమీ రాదు, అందులో ఉన్నది "విశ్వాసము". అది కొడితే "విశ్వాసమువలన", "విశ్వాసముంచు" దొరుకుతాయి గాని "విశ్వాసులు", "విశ్వాసి" జారిపోతాయి. కనక విభక్తి వదిలేసి "విశ్వాస" అని మొదలు ముక్క మాత్రమే కొట్టండి. పైగా పాత పాఠంలో సంధులు కలిసిపోయి మాటలు అతుక్కుని ఉంటాయి. మొత్తం మాటే సరిపోలాలనే ఆప్షన్ ఉంటే దాన్ని తీసేయండి.

స్ట్రాంగ్స్ నంబర్లతో జాగ్రత్త

ఈ మధ్య ప్రసంగాల్లో "ఈ మాటకు గ్రీకులో..." అని మొదలుపెట్టడం బాగా ఎక్కువైంది. దాని వెనక చాలావరకు ఉండేది స్ట్రాంగ్స్ కంకార్డెన్సు. జేమ్స్ స్ట్రాంగ్ 1890లో ప్రచురించాడు. హెబ్రీ మాటలకు 8674 దాకా, గ్రీకు మాటలకు 5624 దాకా నంబర్లు వేశాడు. అద్భుతమైన శ్రమ. కాని అది కట్టింది ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలుకు. తెలుగు నుంచి నేరుగా అందులోకి దారి లేదు. ముందు ఇంగ్లీషు వచనం తీసి, అందులో మాట పట్టుకుని, నంబరు చూడాలి. లూకా 1, రోమా 1 దగ్గర చెప్పిన వచనాల తారుమారు ఇక్కడే ఇబ్బంది పెడుతుంది.

ఇంకొకటి, కింగ్ జేమ్స్‌లో 1 యోహాను 5:7లో పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి మాట ఉంది. ప్రాచీన గ్రీకు ప్రతుల్లో అది లేదు, మన తెలుగు పాత అనువాదంలోనూ లేదు. "తెలుగు బైబిల్లో వచనం పీకేశారు" అంటూ వాట్సాప్‌లో తిరిగే మాటలు చాలావరకు ఇలాంటి చోట్ల పుట్టినవే. ఎవరూ ఏమీ పీకలేదు, ఆధారం చేసుకున్న మూల ప్రతులు వేరు.

స్ట్రాంగ్స్ ఇచ్చేది ఒక మాటకున్న అర్థాల జాబితా. ఆ వాక్యంలో ఏ అర్థమో అది చెప్పదు. క్రియ ఏ కాలంలో ఉందో కూడా చెప్పదు. జాబితాలోని ఆరు అర్థాలనూ ఒకే వచనం మీద కుమ్మరించడం మాత్రం ఆపాలి. అంతవరకు పాటించగలిగితే ఉచితంగా చాలా ఉన్నాయి. కంప్యూటరులో ఈ-స్వోర్డ్, ఆండ్రాయిడ్‌లో మైస్వోర్డ్, బ్రౌజరులో బ్లూ లెటర్ బైబిల్ వాడుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ వాళ్ళ స్టెప్ బైబిల్. ఇంగ్లీషు కాస్త వచ్చినా దాంట్లో తిరగవచ్చు, మాట మీద నొక్కితే మూలం, అర్థం, అది వచ్చిన ఇతర చోట్లు చూపిస్తుంది.

ఇంగ్లీషు అసలే రాని వాళ్ళు దీని గురించి దిగులు పడనక్కర్లేదు. ఓ.వి. చదివే తెలుగువాడికి అంతకన్నా ఎక్కువ పనికొచ్చేది తెలుగు నిఘంటువే. సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది, దాదాపు ఈ అనువాదం పెరిగిన కాలపు తెలుగే అందులో ఉంది. పిఠాపురం మహారాజా పూనికతో వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మన జిల్లా పంటే. రెండూ ఆంధ్రభారతి సైటులో ఒకేసారి వెతుక్కోవచ్చు. పాస్టర్ల శిక్షణ తరగతుల్లో దీని ఊసే ఎత్తకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

వ్యాఖ్యానాలు, స్టడీ బైబిళ్ళు

స్టడీ బైబిలు కొంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. గీత పైన ఉన్నది లేఖనం, గీత కింద ఉన్నది ఒకరి అభిప్రాయం. ఆ ఒకరు ఏ సంఘ నేపథ్యం వాళ్ళో ముందుమాటలో ఉంటుంది, అది చదివి కొనండి. క్రీస్తు వెయ్యేళ్ళ పాలన, అన్య భాషల్లో మాట్లాడడం, బాప్తిస్మం దగ్గర నోట్సు ఎటు మొగ్గుతుందో దుకాణంలోనే తిరగేసి చూడవచ్చు.

వ్యాఖ్యానాల్లో మనవాళ్ళు ఎక్కువగా తలచుకునే పేరు మాథ్యూ హెన్రీ. ఆయన 1714లో చనిపోయాడు, అప్పటికి అపొస్తలుల కార్యములు దాకానే పూర్తి చేశాడు. రోమా నుంచి ప్రకటన వరకు తర్వాత ఇతరులు రాసింది. ధ్యానానికి, ప్రసంగంలో ఒక చక్కని మాటకు ఆయన దగ్గరికి వెళ్ళండి. ప్రాచీన బైబిలు ప్రతులున్న మృత సముద్రపు చుట్టలు 1947లో గాని దొరకలేదు, తవ్వకాలన్నీ ఆయన తర్వాతివే. చరిత్ర ప్రశ్నలకు ఆయన్ని పట్టుకుంటే లాభం లేదు. తెలుగులో దొరికేది పూర్తిదా, సంక్షిప్తమా అన్నది కూడా అట్ట లోపల చూసుకోండి.

వినే బైబిలు

కళ్ళకు శుక్లాలొచ్చిన నాయనమ్మకు పెద్దక్షరాల బైబిలు కొనడంకన్నా ఫోన్‌లో ఆడియో పెట్టి ఇవ్వడం మేలు. బైబిల్ డాట్ ఈజ్ యాప్‌లో తెలుగు ఉంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్ళు ఏరియేటర్ల చప్పుడు మధ్య చెవిలో పెట్టుకుని వింటున్నారు. చదవడం వచ్చినవాళ్ళకు కూడా ఆమోసు, యిర్మీయా లాంటి ప్రవక్తలు చెవితో విన్నప్పుడే బాగా ఎక్కుతాయి.

ఇక అట్ట, కాగితం

మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. బైబిలు కాగితం పలచన. జూలై, ఆగస్టు వచ్చేసరికి పేజీలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. జిప్పు కవరు దుమ్మును ఆపుతుంది గాని తేమను లోపలే బిగిస్తుంది, వర్షాకాలం జిప్పు తీసి ఉంచండి. అంచులకు బంగారు రంగు వేసినవి కొత్తలో ఒక్కో పేజీ విడదీసుకోవాలి, లేకపోతే చిరుగుతాయి. వెన్ను దగ్గర నడుమకు తెరిచి చూస్తే దారంతో కుట్టారా, గమ్ముతో అతికించారా తెలుస్తుంది. గమ్ముదైతే పిల్లల చేతిలో రెండేళ్ళు ఉండదు. కీర్తనల గ్రంథం, ప్రకటన గ్రంథం చివరి పేజీలు దుకాణంలోనే వరసగా తిప్పి చూడండి. ఫారం (కలిపి కుట్టే పేజీల కట్ట) తప్పిపోయిందో, తలకిందులుగా కుట్టారో అక్కడే బయటపడుతుంది. లోపల పేరు రాయించేది మాత్రం ఇదంతా చూశాకే, రాసిన కాపీని ఎవరూ మార్చి ఇవ్వరు.